రాజమండ్రి సెంట్రల్ జైలును విస్తరించి ఆధునికీకరిస్తే గోదావరి జిల్లాల జైళ్లలో రద్దీ తగ్గుతుందా?

కొత్త బ్యారక్‌లు కట్టినంత మాత్రాన తగ్గదండి. కట్టొద్దని అనను. కానీ ముందు కట్టాల్సింది ములాఖత్ గది, అంటే ఇంటివాళ్లు ఖైదీని కలిసే చోటు. అలా ఎందుకంటున్నానో చెప్తాను.

మాది కోనసీమ, మామిడికుదురు వైపు. 2019లో రొయ్యల చెరువు ఉప్పునీరు మా వరిచేలోకి వదిలారని గట్టు మీద గొడవైంది. కర్రలు లేచాయి, అవతలివాళ్లలో ఒకాయనకు తల పగిలింది. మా అన్నయ్యని రిమాండుకు పంపారు. ఏ జైలో పేరు చెప్పను. బెయిలు త్వరగానే వచ్చింది. కానీ ఇద్దరు ష్యూరిటీలు, అంటే హామీ ఉండేవాళ్లు, కావాలన్నారు. మా చిన్నాన్న ఒకరు. రెండోవాడు దొరకలేదు. ఊళ్లో గొడవ కదా, ఇంటి పన్ను రసీదు ఇమ్మని అడిగితే మొన్నటిదాకా మా ఇంట్లో భోంచేసినవాళ్లు కూడా తలుపు చాటుకెళ్లిపోయారు. బెయిలు ఆర్డరు చేతిలో పెట్టుకుని కూర్చున్నాం, మనిషి మాత్రం లోపలే.

అమ్మను తీసుకుని ములాఖత్‌కి వెళ్లాను. తెల్లారుజామున బయల్దేరి, రావులపాలెంలో బస్సు మారి, చివర్లో షేర్ ఆటో. ఆధార్ చూపించి, చీటీ రాయించుకుని, ఎండలో రెండు గంటలు నిలబడ్డాం. కూర్చోవడానికి బల్ల లేదు. లోపల ఇటు ఒక జాలీ, అటు ఒక జాలీ, మధ్యలో మనిషి నడిచేంత ఖాళీ. ఇటు ఇరవైమంది, అటు ఇరవైమంది, అందరూ ఒకేసారి కేకలు. అమ్మకి అసలే చెముడు. అన్నయ్య జాలీ పట్టుకుని ఏదో ఒకే మాట మళ్లీ మళ్లీ అరుస్తున్నాడు. వేలితో గాలిలో ఏదో రాసి చూపిస్తున్నాడు. నాకూ వినపడలేదు. గంట కొట్టారు, అయిపోయింది. బయటికొచ్చాక అమ్మ అడిగింది, "ఏమన్నాడ్రా?" అని. "అన్నం బాగానే పెడుతున్నారంట" అన్నాను. అబద్ధం చెప్పాను.

అమ్మకి జ్వరం వచ్చి మళ్లీ వెళ్లడానికి 12 రోజులు పట్టింది. ఈసారీ అదే గోల. అన్నయ్య ఒక వార్డరుని బతిమాలుకుంటే ఆయన చిన్న కాగితం ముక్క మీద రాయించుకుని తెచ్చి నా చేతిలో పెట్టాడు. అన్నయ్య ఇంతకుముందు పనిచేసిన రైసుమిల్లు గుమస్తా పేరు. ఆయన్ని అడిగితే ష్యూరిటీ ఉంటాడని. మొదటిరోజు అరిచింది కూడా అదే. మర్నాడు అడిగాను, ఒక్క మాట అనకుండా పన్ను రసీదు తీసుకుని కోర్టుకొచ్చాడు. ఒక్క పేరు వినపడక నా అన్న 12 రోజులు ఎక్కువ జైల్లో ఉన్నాడు. ఆ 12 రోజులూ ఆ బ్యారక్‌లో ఒక మనిషి చోటు ఊరికే నిండి ఉంది. రద్దీ అంటే ఇదే.

మా వకీలు ఒక్కసారి జైలుకి వెళ్లొస్తే సరిపోయేది. ఆయన కోర్టు వరండా దాటి వచ్చేవారు కాదు. ఇక వాయిదాల సంగతి. బందోబస్తుందని ఎస్కార్టు దొరకదు, ముద్దాయిని తీసుకురారు, ఇంకో తారీఖు పడుతుంది. "జైల్లో వాళ్లకి పప్పన్నం ఎందుకు" అని ఫేస్‌బుక్‌లో రాసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. లోపల ఉన్నవాళ్లలో ఎక్కువమంది మీద నేరం ఇంకా రుజువే కాలేదు. 2022 చివరి ప్రభుత్వ లెక్కల్లో దేశంలోని జైళ్లు సామర్థ్యానికి 131 శాతం నిండి ఉన్నాయి. ఖైదీల్లో ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే.

రాజమండ్రిలో స్థలానికి కొరత లేదు. డచ్చివాళ్ల కోట ఉన్నచోట 1864లో జైలు పెట్టారు, 1870లో సెంట్రల్ జైలైంది. ఆవరణ 190 ఎకరాలకు పైనే. డబ్బుంటే ఎన్ని గదులైనా లేపొచ్చు. కానీ అన్నీ అక్కడే పెంచితే అంతర్వేది నుంచో నరసాపురం నుంచో ఒక తల్లి రోజు కూలి పోగొట్టుకుని అంతదూరం రావాలి. నన్నడిగితే ఊళ్లకు దగ్గరగా ఉన్న సబ్‌జైళ్లను ముందు బాగు చెయ్యాలి. ప్రతి జైల్లో అద్దానికి అటూ ఇటూ ఫోన్లు పెట్టాలి, కూర్చోవడానికి నీడ కావాలి, కోర్టు వాయిదాలకు వీడియో గదులు కావాలి. ఒక బ్యారక్ ఖర్చులో ఇవన్నీ వస్తాయని నా నమ్మకం.

చట్టం కూడా మారింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 479వ సెక్షను చూడండి. ఉరిశిక్ష, యావజ్జీవం పడే కేసులు కాకుండా, ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాళ్లు గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం లోపల ఉంటే బెయిలు మీద వదలాలి. మీద ఒకటికి మించి కేసులుంటే మాత్రం ఇది వర్తించదు. ఆ గడువు నిండితే కోర్టుకు రాయాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే.

మీ ఇంట్లో ఎవరైనా రిమాండులో ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు. బెయిలు డబ్బు కట్టలేని పేద విచారణ ఖైదీలకు సాయం చేసే కేంద్ర పథకం కూడా ఉంది. మా గొడవప్పుడు ఆ పథకం ఇంకా లేదు, ఉచిత వకీలు సంగతి మాకెవరూ చెప్పలేదు.