అద్దె ఎవరిస్తారో ముందు చూసుకోండి

ప్రశ్న: మేం గోపాలపట్నంలో అద్దెకుంటున్నాం. మావారు పరవాడ ఫార్మాసిటీలో, నేను ప్రైవేటు స్కూల్లో పనిచేస్తున్నాం. ఇన్నేళ్లకి 22 లక్షలు కూడబెట్టాం. మధురవాడలో కడుతున్న అపార్టుమెంటులో డబుల్ బెడ్‌రూం ఫ్లాటు 55 లక్షలంటున్నారు, 18 వేల అద్దె ఎక్కడికీ పోదని బ్రోకరు చెప్తున్నాడు. మా బావగారేమో గూగుల్ వస్తోంది కదా, ఆనందపురం వైపు స్థలం కొని పడేయండి అంటున్నారు. మాకు నెలనెలా కాస్త అద్దె చేతికొస్తే చాలు. ఏది కొనమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: నెలనెలా అద్దె వస్తే చాలని మీరే రాశారు కాబట్టి స్థలం ఆలోచన ఇప్పటికి పక్కన పెట్టేయండమ్మా. ఖాళీ స్థలం రూపాయి అద్దె ఇవ్వదు, పైగా ఎవరైనా హద్దు రాళ్లు పీకేశారేమోనని అప్పుడప్పుడూ వెళ్లి చూసుకోవాలి. మీ బావగారు చెప్పింది అబద్ధమేం కాదు, 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో డేటా సెంటరు కోసం ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతామని ప్రకటించింది, ఆనందపురం మండలం తర్లువాడ పేరు అప్పటినుంచీ అందరి నోటా నానుతోంది. కానీ డేటా సెంటరుకి కావలసింది కరెంటు, నీళ్లు, స్థలం. కట్టడం అయిపోయాక లోపల రోజూ పనిచేసేవాళ్లు దాని పెట్టుబడితో పోలిస్తే చాలా తక్కువ. అద్దె ఇచ్చేది మనుషులు కదా, ఆ మనుషులు ఎక్కడ ఉద్యోగం చేస్తున్నారో, ఎక్కడ చదువుకుంటున్నారో చూసి కొనాలి.

ఇక ఫ్లాటు. బ్రోకరు మీకు 55 లక్షలే చెప్పాడు, మొత్తం లెక్క చెప్పలేదు. రిజిస్ట్రేషనుకి మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, కలిపి 7.5 శాతం. అంటే 4,12,500. ఇంకా కడుతున్న ఫ్లాటు కాబట్టి, ధర 45 లక్షలు దాటింది కాబట్టి జీఎస్టీ 5 శాతం, అది 2,75,000. రిజిస్ట్రేషన్ ఖర్చులకి బ్యాంకు అప్పిస్తుందనుకోకండి, 30 నుంచి 75 లక్షల మధ్య లోనుకి ఇంటి విలువలో 80 శాతం దాకా ఇవ్వొచ్చు గానీ స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చుల్ని ఆ విలువలో కలపకూడదని రిజర్వు బ్యాంకు రూల్. మీరు 40 లక్షలు లోను తీసుకుని 15 లక్షలు చేతిది పెడితే, పై ఖర్చులతో కలిపి 21,87,500. మీ 22 లక్షలూ అక్కడే ఊడ్చుకుపోయాయి! వుడ్‌వర్కు ఎవరు చేయిస్తారు? ఈలోగా ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే?

ఇప్పుడు అద్దె చూద్దాం. ఏడాదికి 2,16,000. ఒకరు ఖాళీ చేసి ఇంకొకరు వచ్చేలోపు ఒక్క నెల పోయినా 1,98,000. మెయింటెనెన్స్ మీరే కట్టాల్సి వస్తే నెలకి 2 వేలు అనుకోండి, ఇంటిపన్ను, రంగులు, చిన్నాచితకా రిపేర్లకి ఏడాదికి ఇంకో 24 వేలు తీసేయండి, మిగిలేది లక్షన్నర. మీరు పెట్టింది దాదాపు 62 లక్షలు, వచ్చేది రెండున్నర శాతం కూడా లేదు. 40 లక్షల లోను ఇరవై ఏళ్లకి, 8.5 శాతం వడ్డీ అనుకుంటే ఈఎంఐ 34,700 చిల్లర. మిగిలే అద్దె నెలకి 12,500. అంటే 22 వేలు మీ జీతాల్లోంచే కట్టాలి, గోపాలపట్నంలో మీ అద్దె ఎలాగూ ఉంది. ఫ్లాటు చేతికొచ్చేదాకా ఆ 12,500 కూడా రాదు. టాక్సు కలిసొస్తుంది అంటారు గానీ, కొత్త పన్ను విధానంలో ఉంటే అద్దె ఇంటి మీద వచ్చిన నష్టాన్ని జీతంలో తగ్గించుకోనివ్వరు. ఇంత టెన్షన్ మీకు వద్దు.

మీ స్థానంలో నా వాళ్లుంటే ఇలా చెప్తాను: కట్టి పది పన్నెండేళ్లయిన, నలుగురూ ఉంటున్న రీసేల్ ఫ్లాటు వెతకండి, 35 నుంచి 40 లక్షల్లోపు, అది సింగిల్ బెడ్‌రూం అయినా సరే. జీఎస్టీ ఉండదు, మొదటి నెలనుంచే అద్దె వస్తుంది, పైగా పాత అపార్టుమెంట్లలో ఫ్లాటుకి వచ్చే అవిభాజ్య స్థలం వాటా, అంటే బిల్డింగు ఉన్న నేలలో మీ భాగం, చాలాసార్లు కొత్తవాటికంటే ఎక్కువ. దస్తావేజులో ఎన్ని గజాలు రాశారో చూసుకోండి, రేపు బిల్డింగు పాతబడ్డా మీకు మిగిలేది ఆ గజాలే. మద్దిలపాలెం వైపు యూనివర్సిటీ వాళ్లు, హనుమంతవాక దగ్గర విమ్స్ ఆసుపత్రి సిబ్బంది, గాజువాక, కూర్మన్నపాలెంలో ఫ్యాక్టరీల వాళ్లు, ఇలా ఎవరికి ఇవ్వబోతున్నారో ముందే మనసులో ఉండాలి.

చూడ్డానికి వెళ్లినప్పుడు బ్రోకరు లేకుండా ఇంకోసారి వెళ్లండి. ఆ వీధిలో టులెట్ బోర్డులు ఎన్నున్నాయో చూసి, అద్దెకి దిగేవాళ్లలా ఫోన్ చేసి అడగండి, అసలు అద్దె ఎంతో అరగంటలో తెలిసిపోతుంది. రాత్రి తొమ్మిదింటికి ఎన్ని ఫ్లాట్లలో లైట్లు వెలుగుతున్నాయో చూడండి. మే నెలలో నీళ్ల ట్యాంకర్లు ఎన్నొస్తాయో వాచ్‌మన్‌ని అడగండి, ఆయన చెప్పినంత నిజం ఇంకెవరూ చెప్పరు. సాగర్ నగర్, రుషికొండ వైపు సముద్రానికి దగ్గరగా చూస్తుంటే కిటికీ గ్రిల్స్ అడుగున, వెల్డింగ్ చేసిన మూలల్లో గోటితో గీకండి. పైన కొత్త పెయింటు ఉన్నా కింద తుప్పు పొరలు పొరలుగా ఊడొస్తుంది. పక్క బాల్కనీలో ఏసీ బయటి యూనిట్ రేకులు పొడిపొడిగా రాలుతున్నాయంటే ఉప్పుగాలి ఆ ఇంటికి ఏటా ఎంత ఖర్చు పెట్టిస్తుందో అర్థమైపోతుంది. సీ వ్యూ అద్దె బాగానే వస్తుంది, కానీ కుళాయిల దగ్గర్నుంచి గీజరు దాకా అన్నీ తొందరగా మార్చాల్సొస్తుంది.

అయినా కొత్తదే కావాలంటారా, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు లేకుండా ముందే అమ్మే ‘ప్రీలాంచ్’ జోలికి అస్సలు వెళ్లకండి. ప్లాటు 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా రెరాలో నమోదు చేయకుండా అమ్మకూడదు. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతం మించి తీసుకోవడం కూడా బిల్డరుకి చట్టం ఒప్పుకోదు. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే బిల్డరుకిచ్చే డబ్బులోంచే 1 శాతం టీడీఎస్ (ముందుగానే కోసే ఆదాయపు పన్ను) పట్టుకుని మీరే ప్రభుత్వానికి కట్టాలి, చాలామంది ఇది మర్చిపోయి తర్వాత నోటీసులు అందుకుంటున్నారు.

ప్రశ్న: కూర్మన్నపాలెంలో మా పై పోర్షను నెలకి 12 వేలకి ఇచ్చాను. రిటైరయ్యాను. మొత్తం అద్దె మీద పన్ను కట్టాలా? అగ్రిమెంటు 11 నెలలకే ఎందుకు రాస్తారు?
– ఒక పాఠకుడు

జవాబు: మొత్తం మీద కాదండీ. 1,44,000లోంచి మీరు జీవీఎంసీకి ఆ పోర్షను మీద కట్టిన ఇంటిపన్ను తీసేయండి, 6 వేలనుకుంటే 1,38,000. దాంట్లో 30 శాతం మరమ్మతుల కింద ఏ బిల్లూ చూపకుండానే తగ్గిస్తారు. మిగిలిన 96,600 మాత్రమే మీ పెన్షనుతో, మిగతా ఆదాయంతో కలుస్తుంది. ఇక ఏడాది దాటిన లీజునే రిజిస్టర్ చేయాలనుకుని ఆ ఖర్చు తప్పించుకోవడానికి 11 నెలలు రాస్తారు, కానీ మన రాష్ట్రంలో చట్ట సవరణ ప్రకారం ఎన్ని నెలల లీజైనా రిజిస్టర్ చేయాల్సిందే. రాసుకున్నప్పుడు అడ్వాన్సు ఎంత, దాంట్లోంచి రంగులకి ఎంత పట్టుకుంటారు, ఖాళీ చేసేముందు ఎన్ని నెలలు చెప్పాలి, ఈ మూడూ స్పష్టంగా ఉండాలి, గొడవలన్నీ వాటి దగ్గరే వస్తాయి.

ప్రశ్న: వేపగుంటలో రెండు పోర్షన్ల ఇల్లు చుట్టుపక్కల రేటులో సగానికే వస్తోంది. రెండూ అద్దెకిచ్చుకోవచ్చు. నోటరీ చేస్తామంటున్నారు, రిజిస్ట్రేషన్ తర్వాతట. తీసుకోవచ్చా?
– ఇంకో పాఠకుడు

జవాబు: వద్దు. అడ్వాన్సు ఇచ్చేశారేమోనని భయంగా ఉంది, ఇవ్వకపోతే మాత్రం ఆగిపోండి. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, వెంకటాపురం, చీమలాపల్లి, ఈ పంచగ్రామాల భూముల మీద సింహాచలం దేవస్థానంతో ఉన్న వివాదం ఎన్నో ఏళ్లుగా నలుగుతోంది. దేవస్థానం భూములు 22ఏ నిషేధిత జాబితాలో ఉంటే రిజిస్ట్రేషన్ జరగదు, బ్యాంకు లోనూ రాదు, రేపు అవసరానికి అమ్ముదామన్నా మళ్లీ నోటరీకి కొనేవాడినే వెతుక్కోవాలి. అక్కడ దశాబ్దాలుగా ఉంటున్నవాళ్ల కష్టం వేరు, వాళ్లకి న్యాయం జరగాలి. మీరు తెలిసి తెలిసి అందులోకి ఎందుకు దిగాలి? ఊరంతా వివాదం కాదు, అందుకే సర్వే నంబరు పట్టుకుని రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో 22ఏ జాబితా చూడండి, ముప్ఫై ఏళ్ల ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీయించి, లింకు డాక్యుమెంట్లన్నీ (పాత దస్తావేజులు) వకీలుకి చూపించండి. భీమిలి, ఆనందపురం వైపు స్థలాలు చూసేవాళ్లూ ఇదే చేయాలి. అక్కడ డి-పట్టాలు (ప్రభుత్వం పేదలకిచ్చిన భూములు), మాజీ సైనికులకిచ్చిన భూములు, గెడ్డ పోరంబోకులు (వాగుల వెంట ప్రభుత్వ స్థలాలు) చాలా ఉన్నాయి, విశాఖ భూ అక్రమాల మీద 2017లో ప్రభుత్వం సిట్ (ప్రత్యేక దర్యాప్తు బృందం) వేసింది కూడా. లేఅవుట్ అయితే వీఎంఆర్‌డీఏ (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ) ఇచ్చిన ఎల్పీ నంబరు, అంటే లేఅవుట్ అనుమతి నంబరు, అడిగి, బ్రోషరులో ఉన్నది కాకుండా వాళ్ల ఆఫీసులో ఉన్న ప్లానుతో మీ ప్లాటు నంబరు సరిచూసుకోండి. కాగితాలు చూపించడానికి రెండు రోజులు టైమడిగితే, ‘సాయంత్రానికల్లా వేరేవాళ్లు కొనేస్తారు’ అని కంగారు పెట్టేవాళ్ల దగ్గర కొనకండి.