రిటైరయ్యాక ప్లాన్ మారితే కొంపేం మునగదు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఒకే గోల ఎక్కువ కనిపించింది. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒకటి అనుకున్నాం, దిగాక ఇంకోటి అవుతోంది అని. మూడింటికి జవాబిస్తున్నాం.

ప్రశ్న: ప్రభుత్వ జూనియర్ కాలేజీ లెక్చరర్‌గా చేసి ఈమధ్యే రిటైరయ్యాను. విశాఖలో సొంత ఫ్లాట్ ఉంది. బొబ్బిలి దగ్గర మా ఊళ్లో నాన్నగారి స్థలంలో ఇల్లు కట్టుకుని, ఉన్న ఎకరంన్నరలో మామిడి వేసుకుంటానని పదేళ్ల నుంచి అందరికీ చెప్తూ వచ్చాను. ఇంటికి ప్లాన్ కూడా గీయించాను. తీరా ఇప్పుడు మనసు రావట్లేదు. మా ఆవిడకు మొదట్నుంచీ ఇష్టం లేదు. తమ్ముడు ఫోన్ చేసినప్పుడల్లా "శంకుస్థాపన ఎప్పుడన్నయ్యా" అంటున్నాడు. మాట తప్పినట్టవుతుందేమోనని టెన్షన్.
(ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: మాస్టారూ, మీరు మాట ఇచ్చింది ఎవరికండీ? ఊరికా, తమ్ముడికా? ఆ ఇంట్లో రోజూ పొద్దున్నే లేవాల్సింది మీరూ మీ ఆవిడా, అందులో ఒకరికి మొదట్నుంచీ ఇష్టం లేదంటున్నారు, ఇంక శంకుస్థాపన ముహూర్తం గురించి దిగులెందుకు?

మీరు ఈ ప్లాన్ వేసుకున్నప్పుడు రాష్ట్రంలో రిటైర్మెంట్ 60కే. 2022లో దాన్ని 62 చేశారు. ఆ రెండేళ్లు జీతం వచ్చింది, సంతోషమే, కానీ మోకాళ్లకూ బీపీకీ ప్రభుత్వం పొడిగింపు ఇవ్వలేదు కదా. అంటు మామిడి వేసినా చెప్పుకోదగ్గ కాపు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. ఈలోగా నీళ్లు పెట్టించడం, కలుపు తీయించడం, కూలీలు దొరక్కపోతే వాళ్ల ఇళ్ల చుట్టూ తిరగడం, ఇవన్నీ మీవే. దూరం నుంచి తమ్ముడి మీద వేసి చేయిస్తే అది మీ తోట కాదు, అతని తోటకు మీ పెట్టుబడి.

అలాగని ఊరు పూర్తిగా వదిలేయమనట్లేదు. కట్టే ముందు ఊళ్లో ఒక ఇల్లు అద్దెకు తీసుకుని ఉండి చూడండి. సంక్రాంతికి వెళ్లి "ఆహా" అనుకోవద్దు, సంక్రాంతికి ఏ ఊరైనా బాగుంటుంది. రోహిణి కార్తెలో ఉండండి, తర్వాత వానలు పట్టాక ఇంకోసారి ఉండండి. కరెంటు ఎంతసేపు పోతోంది, రాత్రి పదకొండింటికి ఆయాసం వస్తే కారు ఎవరు తీస్తారు, సాయంత్రం మీ ఆవిడ ఎవరితో మాట్లాడుతోంది, ఇవి చూసుకోండి. మా లెక్కలో ఈ మూడోదే అన్నిటికన్నా పెద్దది. మగవాళ్లకు ఊరంటే రచ్చబండ, చిన్ననాటి నేస్తాలు. ఆవిడకు మాత్రం అది అత్తవారి ఊరు, అక్కడికి వెళ్తే మళ్లీ తలుపు తీసేసరికి చుట్టాలు, ఎసట్లో బియ్యం.

డబ్బు సంగతి కూడా ఉంది. కమ్యుటేషన్ చేసి, అంటే పెన్షన్లో కొంత భాగానికి బదులు ఒకేసారి డబ్బు తీసుకుని ఉంటారు. కాబట్టి పెన్షన్లో ఆ భాగం ఏళ్ల తరబడి తగ్గే వస్తుంది (డీఆర్, అంటే పెన్షనర్లకిచ్చే కరువు భత్యం మాత్రం తగ్గించక ముందున్న పూర్తి పెన్షన్ మీద లెక్కకడతారు, అదొక ఊరట). ఆ వచ్చిన ముద్ద డబ్బు సిమెంటులో పోస్తే, రేపు అవసరమొచ్చినప్పుడు పల్లెటూళ్లో ఇల్లు అమ్ముడుపోవడం అంత తేలిక కాదు. తమ్ముడికి ఏం చెప్పాలంటారా? "ఒక ఏడాది ఆగుదాంలేరా" అనండి చాలు. మనవాళ్లకు ఆ మాట బాగా అర్థమవుతుంది.

ప్రశ్న: మా ఆయన పోయిన ఏడాది 61 నిండి రిటైరయ్యారు. సర్వీసులో ఉన్నప్పుడు కాశీ, రామేశ్వరం, పేద పిల్లలకు లెక్కల ట్యూషన్ అని ఎన్నో చెప్పేవారు. ఇప్పుడు టీవీ, ఫోను, మిగిలిన టైమంతా నా వంటిల్లు. కందిపప్పు డబ్బా మూత తీసి "ఇంతే ఉందేంటి, మొన్ననేగా తెచ్చింది" అంటారు. గ్యాస్ సిలిండర్ మీద తారీఖు రాశారు. పిచ్చెక్కుతోంది.
(ఒక సోదరి, హనుమకొండ)

జవాబు: సిలిండర్ మీద తారీఖు చదివి మా ఆఫీసులో అందరం నవ్వాం, ఏమనుకోకండమ్మా. ముప్పై ఏళ్లపాటు ఫైళ్లూ రిజిస్టర్లూ చూసిన మనిషికి చూడ్డానికి ఇప్పుడు మీ పోపులపెట్టె ఒక్కటే మిగిలింది.

బతిమాలితేనో పోట్లాడితేనో ఇది తెగదు. ఇంటి పనుల్లో కొన్నింటిని మొత్తంగా ఆయనకే అప్పగించేయండి. సాయం కాదు, బాధ్యత. కూరగాయలు, కిరాణా, కరెంటు బిల్లు, సిలిండర్ బుకింగ్, బ్యాంకు పనులు, అన్నీ ఆయనవే. పప్పు అయిపోతే అడగాల్సింది మీరు, చెప్పుకోవాల్సింది ఆయన. ముదిరిపోయిన బెండకాయలు తెచ్చినా మొదటి నెల ఒక్క మాట కూడా అనకండి. కష్టమే, తెలుసు. ఇంకోటి, ఆయన రిటైరయ్యారు, మరి మీరో? పొద్దున టిఫిన్ నుంచి రాత్రి పాలు తోడేయడం దాకా మీ డ్యూటీ ఏం మారింది? వారంలో ఒక రోజు పొయ్యి వెలిగించనని చెప్పేయండి, కర్రీ పాయింట్లు ఉన్నది అందుకే.

ట్యూషన్ మాట నాలుగు నెలలు ఎత్తకండి. కాశీ మాత్రం ఆపొద్దు. మోకాళ్లు మాట వింటున్నప్పుడే పెద్ద యాత్రలు కానిచ్చేయాలి, గంగ ఘాట్ల మెట్లు మామూలు మెట్లు కావు. కాశీ వైపు వెళ్లే దానాపూర్ ఎక్స్‌ప్రెస్ కాజీపేటలో ఆగుతుంది, టికెట్లు మీరే బుక్ చేసి తారీఖు చెప్పండి. "ఎప్పుడెళ్దాం" అని అడిగారంటే ఇంకో ఏడాది గడిచిపోతుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో ప్రైవేట్ కంపెనీలో 1997 నుంచి చేసి పోయిన నెల 58 నిండి రిటైరయ్యాను. ఈపీఎస్ (పీఎఫ్‌తో పాటు ఉండే ఉద్యోగుల పెన్షన్ పథకం) పెన్షన్ నెలకు నాలుగు వేల చిల్లర వస్తుందన్నారు, షాకయ్యాను. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి 45 లక్షలు చేతికొచ్చాయి. కూకట్‌పల్లి ఫ్లాట్ అమ్మేసి, ఈ డబ్బు కూడా కలిపి తెల్లాపూర్‌లో విల్లా కొందాం, అందరం కలిసి ఉందాం అంటున్నాడు మా అబ్బాయి. రిజిస్ట్రేషన్ వాడి పేరున. మంచి పిల్లాడే.
(ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: మంచి పిల్లాడే అని మీరు ప్రత్యేకంగా రాశారంటేనే మీకూ ఎక్కడో భయం ఉంది.

పెన్షన్ అంత తక్కువేమిటంటే, మీ అసలు జీతం ఎంతైనా ఈపీఎస్ లెక్కకు 2014 ఆగస్టు దాకా 6,500, ఆ తర్వాత 15,000 రూపాయల గరిష్ఠ జీతాన్నే తీసుకుంటారు. దాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగిస్తారు. అంటే మీ అసలు పెన్షన్ ఆ 45 లక్షలే, అది విల్లాలోకి పోతే నెల ఖర్చుకు మిగిలేది నాలుగు వేల చిల్లర.

ముందు ఒక తొందర పని ఉంది. పోస్టాఫీసులో, బ్యాంకుల్లో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ ఉంది. మామూలుగా 60 నిండాలి, కానీ 55 దాటి రిటైరైనవాళ్లు రిటైర్మెంట్ డబ్బు చేతికొచ్చిన మూడు నెలల్లోపు అయితే 60 లోపు కూడా తెరవొచ్చు. ఈ గడువు దాటితే 60 వచ్చేదాకా ఆగాలి. ఒక్కరికి గరిష్ఠంగా 30 లక్షలు, 8.2 శాతం వడ్డీ మీద మూడు నెలలకోసారి 61,500 వస్తుంది. తెరిచినప్పుడున్న రేటే ఐదేళ్లూ ఉంటుంది. ఈ వడ్డీకి ట్యాక్స్ ఉందని మర్చిపోకండి. మిగతా 15 లక్షలు జబ్బు చేస్తే చేతికందేలా వేరే ఉంచండి, అందులోంచే ముందు హెల్త్ పాలసీ తీసుకోండి. కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్స్ ఉద్యోగంతోనే పోయి ఉంటుంది, చూసుకోండి.

విల్లా సంగతికొస్తే, కలిసి ఉండటానికి అమ్మడం దేనికి? కూకట్‌పల్లి ఫ్లాట్ అద్దెకిచ్చి అబ్బాయితో వెళ్లి ఉండండి, నచ్చితే నచ్చింది, లేకపోతే వెనక్కి రావడానికి సొంత గడప ఉంటుంది. లేదు, ఇవ్వాల్సిందే అంటే మీ డబ్బు ఎంతో అంత వాటా మీ పేరున రాయించండి. బ్యాంకు లోన్ ఉంటే వాటాదారుగా మిమ్మల్నీ లోన్ పత్రాల్లో సంతకం పెట్టమనే అవకాశం ఎక్కువ. 58 ఏళ్లకు కొత్తగా 20 ఏళ్ల అప్పు మీద సంతకం పెడతారా, ఆలోచించుకోండి.

2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల సంరక్షణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది కదా అని కొందరు ధైర్యం చెప్తారు. చూసుకోవాలనే షరతు మీద ఆస్తి రాసిచ్చి, వాళ్లు చూసుకోకపోతే ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌కు వెళ్లి దాన్ని రద్దు చేయించుకోవచ్చు, నిజమే. కానీ అది 60 నిండినవాళ్లకు, రాసిచ్చిన ఆస్తికి. ఫ్లాట్ అమ్మి అబ్బాయి ఖాతాలో వేసిన డబ్బు కోసం ఆ సెక్షన్ పట్టుకుని తిరగాలంటే చాలా కష్టం. పైగా కన్నకొడుకు మీద కేసు వేసే మనిషిలా మీ ఉత్తరం చదివితే అనిపించట్లేదు. అందుకే అబ్బాయితో ఈ ఆదివారమే మాట్లాడండి, కోడల్ని కూడా కూర్చోబెట్టుకుని. పోస్టాఫీసుకు మాత్రం సోమవారమే వెళ్లండి.