రాత్రి పూట అమ్మ దగ్గర ఎవరుంటారు?

సియాటెల్‌కి కొత్తగా వచ్చిన పిల్లలు ఈమధ్య తరచుగా నన్ను అడుగుతున్నారు: "అక్కా, అమ్మకి మతిమరుపు బాగా ఎక్కువైంది. బెంగళూరులో పెద్దవాళ్లని చూసుకునే, ఇంటిలాంటి చిన్న హోమ్ ఏదైనా చెప్తావా?" నేను పేరు చెప్పను. మా అమ్మకి సరిపడింది మీ అమ్మకి సరిపడాలని లేదు. ఎలా చూసుకోవాలో మాత్రం చెప్తాను.

ఇక్కడికే తెచ్చుకుందామని మొదట అందరం అనుకుంటాం. విజిటర్ వీసా మీద మామూలుగా ఉండనిచ్చేది ఆరు నెలలు. గ్రీన్ కార్డు వచ్చినా, ఇక్కడ ఉద్యోగం చేయని అమ్మకి మెడికేర్ కొనాలంటే 65 నిండాలి, వరసగా ఐదేళ్లు ఇక్కడ ఉండాలి. వాషింగ్టన్ రాష్ట్రంలో మామూలు ఇళ్లలోనే సాధారణంగా ఆరుగురి దాకా పెద్దవాళ్లని చూసుకునే అడల్ట్ ఫ్యామిలీ హోమ్‌లు ఉన్నాయి. లైసెన్సు, తనిఖీలు అన్నీ ఉంటాయి. వెళ్లి చూశాను, బాగున్నాయి. కానీ అమ్మతో తెలుగులో ఒక్క మాట మాట్లాడే మనిషి లేదు. బెంగళూరులో మాత్రం ఆ తనిఖీ మనమే చేసుకోవాలి అనుకుని బయల్దేరండి.

నేను మొదట చేర్చిన చోట ఎనిమిది మంది ఉండేవాళ్లు. ఇల్లు అద్దంలా ఉండేది, ముందు పూలతోట. అది చూసి మురిసిపోయాను. పగలు ముగ్గురు ఆయాలు, రాత్రి ఒక్కతే. అమ్మ అర్ధరాత్రి బాత్రూముకి లేచి పడిపోతే తెల్లారేదాకా ఎవరూ చూడలేదు. తుంటి విరగకపోవడం దేవుడి దయ. రాత్రి ఎంతమంది ఉంటారని నేను అడగనేలేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

అందుకే పగలు ఒకసారి చూసి వచ్చేయకండి. చెప్పకుండా సాయంత్రం ఏడింటికి వెళ్లండి, వీలైతే రాత్రి తొమ్మిదిన్నర దాకా ఉండండి. ఆయా ఎక్కడ పడుకుంటుంది, పిలిస్తే వినపడుతుందా, బాత్రూము దారిలో లైటు వెలుగుతుందా, పట్టుకోవడానికి గోడకి కడ్డీలున్నాయా చూడండి. ఒక్కొక్కరు ఎన్నాళ్లుగా పనిచేస్తున్నారో వాళ్లనే అడగండి. చిన్న హోమ్‌లో ఇద్దరు మానేస్తే సగం హోమ్ పోయినట్టే. పండక్కి వాళ్లు ఊరెళ్తే బదులు ఎవరొస్తారు? మంచం పట్టినవాళ్లని రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతున్నట్టు పుస్తకంలో రాస్తున్నారా?

తర్వాత చూసిన ఇంట్లో ఆరుగురే. గోడలకి పెచ్చులూడుతున్నాయి. ఆయా చింతామణి ఊరి అమ్మాయి. కర్ణాటకలోని కోలారు, చింతామణి, బాగేపల్లి వైపు చాలామంది ఇళ్లలో మాట తెలుగే. పెరుగన్నం మెత్తగా పిసికి, తాలింపులో కరివేపాకు ఒక్కొక్కటే వేలితో ఏరి పక్కన పెట్టి, ఒక పెద్దావిడకి తినిపిస్తోంది. ప్రతి ముద్దకీ ఆగి, "మింగితివా అమ్మా? ఏదీ, నోరు తెరువు" అంటోంది. పొలమారితే అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. ఆ భయం ఆ పిల్లకి తెలుసు. ఆవిడ ఆ అమ్మాయి కొంగుతోనే మూతి తుడుచుకుంది. నేను అక్కడికక్కడే ఒప్పేసుకున్నాను. ఈ మతిమరుపు జబ్బులో తర్వాత నేర్చుకున్న భాషలు తరచుగా ముందు పోతాయి. ఇరవై ఏళ్లు కన్నడ మాట్లాడిన మా అమ్మకి ఇప్పుడు మిగిలింది తెలుగే.

హాస్పిటల్ సంగతి ముందే తేల్చుకోండి. అడ్మిట్ చేస్తే పేషెంట్ పక్కన మనిషి ఉండాలంటారు, మీరేమో సుమారు పదమూడు గంటల తేడాలో ఉంటారు. ఎవరుంటారు, ఆ డబ్బెంత అన్నది అగ్రిమెంటులో రాయించండి. అడ్వాన్సు ఎప్పుడు తిరిగిస్తారో కూడా. పెద్దవాళ్లు ఉన్నట్టుండి అయోమయంలో పడితే యూరిన్ ఇన్‌ఫెక్షన్ కూడా కావచ్చు. "జబ్బు ముదిరింది" అని ఊరుకోకుండా టెస్టు చేయిస్తారా అని అడగండి.

అమ్మకి తెలివి ఉండగానే బ్యాంకు నామినేషన్లు, సంతకాలు పూర్తి చేయండి. పూర్తిగా మతి తప్పాక ఆమె ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ మన చట్టంలో నిలబడదు. మా అమ్మకి నాన్న రైల్వే పెన్షన్ వస్తుంది. ఏటా నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఫోన్‌లో ముఖం చూపించి చేసే జీవన్ ప్రమాణ్ పని హోమ్ వాళ్లే చేసిపెడుతున్నారు. ఏదైనా అన్యాయం జరిగితే పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567 ఉంది.

ఊళ్లో మీ మనిషి ఒకరు ఉండాలి. మారతహళ్లిలో ఉండే మా పెదనాన్నగారి అబ్బాయి నెలకి రెండుసార్లు చెప్పకుండా వెళ్లొస్తాడు.

ఫోన్ మాత్రం అన్నం వేళకి చేయండి. వేసవిలో అక్కడ సాయంత్రం ఏడైతే నాకిక్కడ ఉదయం ఆరున్నర. ఆ అమ్మాయి ఫోన్‌ని నీళ్ల చెంబుకి ఆనించి పెడుతుంది. అమ్మ నాతో మాట్లాడదు, నన్ను గుర్తుపట్టదు. తింటుంటే చూస్తాను.