అడుగులకు ఫోన్ బహుమానమా?

ప్రశ్న: మా అబ్బాయికి పదేళ్లు. కర్నూలులో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. బడి నుంచి వచ్చింది మొదలు రాత్రి భోజనం దాకా ఫోన్ వదలడు. లాక్కుంటే అలిగి అన్నం మానేస్తాడు. అడుగులు లెక్కపెట్టే వాచ్ కొనిచ్చి, నడిచిన అడుగులను బట్టి ఫోన్ ఇస్తామంటే దారికి వస్తాడా? ఇందుకు పనికివచ్చే యాప్‌లు ఏవైనా ఉన్నాయా?
– ఒక తల్లి, కర్నూలు

జవాబు: అమ్మా, వాచ్ కొనడంలో తప్పు లేదు గాని, అడుగులకూ ఫోన్‌కూ ముడిపెట్టడం మాత్రం వద్దు. ఆ ఒప్పందంలో నడక కూలిపనిగానూ ఫోన్ దానికి దక్కే కూలిగానూ మారిపోయి, మీరు తగ్గించాలనుకున్న వస్తువు మీదే పిల్లవాడికి మోజు పెరుగుతుంది. పైగా వాచ్‌లోని సెన్సర్ చేతి కదలికను బట్టి అడుగులను అంచనా వేస్తుంది కాబట్టి, సోఫాలో కూర్చుని చేతిని లయగా ఊపినా అంకె పెరుగుతుంది. ఈ కిటుకు పిల్లలు ఇట్టే కనిపెడతారు. అదే సైకిల్ తొక్కేటప్పుడు చెయ్యి హ్యాండిల్ మీద నిలకడగా ఉంటుంది గనుక, ఒళ్లంతా చెమట పట్టినా అడుగులు పెద్దగా నమోదు కావు. రోజుకు 10,000 అడుగులు అన్న మాట కూడా 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరుతో వ్యాప్తిలోకి వచ్చిందే తప్ప, పిల్లల కోసం తేల్చిన కొలత కాదు. 5 నుంచి 17 ఏళ్ల వారు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు ఒంటికి బాగా పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. మీరు చూసుకోవలసింది ఆ గంటనే.

యాప్‌ల విషయానికి వస్తే, పిల్లవాణ్ణి బయటికి పంపి తాను జేబులోకి వెళ్లిపోయేదే మంచి యాప్ అని నా అభిప్రాయం. 2016లో వచ్చిన పోకెమాన్ గో అనే ఫోన్ ఆట, బయట తిరుగుతూ ఆడేది కాబట్టి, ఎందరినో నడిపించిన మాట నిజమే గాని, ఆటోలూ బైకులూ తిరిగే మన రోడ్ల మీద పదేళ్లవాడు తెర చూసుకుంటూ నడవడాన్ని నేను ఒప్పుకోలేను. దానికి బదులు ఒక ఆదివారం ఉదయం మ్యాప్‌లో కొండారెడ్డి బురుజు నుంచి తుంగభద్ర ఒడ్డుకు దారి చూపించి, ఫోన్‌ను మీ సంచిలో వేసుకుని, అక్కడి నుంచి మిమ్మల్ని వాణ్ణే తీసుకువెళ్లమనండి. దారి తప్పినా వెంటనే సరిదిద్దకండి. ఆగి చుట్టూ చూసి తానే తేల్చుకోనివ్వండి. ఏటి ఒడ్డున మెర్లిన్ అనే యాప్ తెరిచి కాసేపు పట్టుకుంటే, వినిపించే కూతను బట్టి అది ఏ పక్షిదో చెబుతుంది. ఆ తర్వాత ఆ పక్షి ఎక్కడ ఉందో కళ్లతో వెతకవలసిన పని పిల్లవాడిది.

రోజువారీ ఆటకు మాత్రం మీ చేతిలో ఉన్నవాటిలో అన్నిటికంటే పనికివచ్చేది వాట్సాప్. కింద తోటిపిల్లలు లేకపోతే ఏ పిల్లవాడూ ఆటకు దిగడు. మీ అపార్ట్‌మెంట్ తల్లిదండ్రులంతా గ్రూపులో మాట్లాడుకుని, ఒకే వేళకు పిల్లలను కిందికి పంపేలా, రోజుకొకరు కాస్త కనిపెట్టుకుని ఉండేలా ఏర్పాటు చేసుకోండి. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లో సాయంత్రం నాలుగింటికి తరిమితే ఎవరూ ఆడలేరు. ఐదున్నర దాటాకే వేళ పెట్టండి. అబ్బాయికి విడిగా ఫోన్ ఉంటే గూగుల్ ఫ్యామిలీ లింక్ అనే యాప్‌లో సరిగ్గా ఆ వేళకే ఆగిపోయేలా గడువు పెట్టవచ్చు; మీ ఫోనే వాడుతుంటే ఫోన్ సెట్టింగ్స్‌లోని డిజిటల్ వెల్‌బీయింగ్‌లో వాడు ఎక్కువగా వాడే యాప్‌కు రోజువారీ పరిమితి పెట్టండి. ఏది చేసినా ముందుగా వాడితో చెప్పి చేయండి.

ప్రశ్న: మా మనవరాలికి మూడేళ్లు. వ్యాయామం చేయించే వీడియోలు చూపించవచ్చా?
– ఒక తాతయ్య, కడప

జవాబు: చూస్తూ తానూ గెంతితే కొంత మేలే గాని, ఆ వయసు పిల్లలు చాలాసార్లు నోరు తెరుచుకుని చూస్తూ నిలబడిపోతారు. 2 నుంచి 4 ఏళ్ల వారు కూర్చుని తెర చూసే సమయం రోజుకు గంట మించకూడదని, తక్కువైతే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఫోన్‌ను బోర్లా పెట్టి పాట మాత్రం వినిపించండి. పాట ఆపగానే బొమ్మలా నిలబడాలని చెప్పి, మీరూ పాపతో కలిసి ఆడండి.