మలుపు దగ్గర జాడ తప్పుతున్న బీగిల్‌కు

మీ బీగిల్ కుక్క, సాధన కోసం మీరు నేల మీద వేసిన నెత్తుటి జాడను తిన్నగా ఉన్నంతవరకు పట్టుకొని, మలుపు రాగానే తలెత్తి గాలి పీలుస్తోందని రాశారు. లోపం కుక్కది కాదు. జాడ వేసిన పది నిమిషాలకే కుక్కను వదలడం వల్ల, నేలను అంటుకున్న వాసన కంటే గాలిలో తేలే వాసనే దానికి ఎక్కువగా అందుతోంది. రెండు మూడు గంటలు ఆగి, ఛాతీపట్టీకి 10 మీటర్ల తాడు కట్టి, గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా మొదలుపెట్టండి. మలుపు దాటిపోతే పిలవకుండా అక్కడే నిలబడి, అది వెనక్కి వచ్చి, ముక్కు నేలకు ఆనించి, తాడును మళ్లీ బిగించినప్పుడే కదలండి. హైదరాబాద్ ఎండకు గట్టినేల మీద వాసన నిలవదు గనుక, మంచు తడి ఆరకముందే పచ్చికలో సాధన చేయించడం మేలు.

జాడకు వాడే మేక నెత్తురు గడ్డకడుతోందన్నారు. కోసిన వెంటనే గిన్నెలో పట్టించి, పుల్లతో ఆపకుండా తిప్పితే నెత్తురును గడ్డకట్టించే సన్నని దారాలన్నీ పుల్లకే చుట్టుకుంటాయి. ఇక, ఐరోపాలో జింక డెక్కలను బూట్లకు బిగించుకొని జాడ వేసే మాట నిజమే గాని, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇక్కడ వేటే కాదు, అనుమతి లేకుండా ఆ డెక్కలను దగ్గర ఉంచుకోవడమూ నేరమే. మేక కాళ్లతోనే కానివ్వండి.