కెమెరా సరే, తొమ్మిది నెలల ఇంటి ఖర్చు ఏదీ?

ప్రశ్న: మాది అచ్చంపేట. వయసు 31. భార్య, నాలుగేళ్ల పాప, అమ్మ నా సంపాదన మీదే ఉన్నారు. భువనగిరి గుట్ట మీద రాక్ క్లైంబింగ్ క్యాంపులు, నల్లమల ట్రెక్కింగ్‌లు, సోమశిల దగ్గర కృష్ణలో పడవలు... ఇవన్నీ ఫొటోలు, వీడియోలు తీస్తాను. సీజన్‌లో పెళ్లిళ్లు కూడా చేస్తాను. పని ఖర్చులు పోను ఏడాదికి 5.7 లక్షలు వస్తుంది. బెంగళూరు వాళ్లు ఆరు నెలల సిరీస్ ఇస్తామంటున్నారు, కానీ పెద్ద కెమెరా ఉండాలట. ధర 5.5 లక్షలు. ఇంట్లో బంగారం పెట్టి 2.5 లక్షలు, మిగతాది పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నా. సరైనదేనా? మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కట్టే సిప్ ఎంత కట్టాలి?

జవాబు: వద్దు. అప్పు చేసి కెమెరా కొనడానికీ, ఇప్పుడే సిప్ కట్టడానికీ ఇదే జవాబు.

మీ ఉత్తరం పక్కన పెట్టకుండా రాయడానికి కారణం ఉంది. నల్గొండ క్లాక్ టవర్ దగ్గర నా ఆఫీసుకు వచ్చే ఫొటోగ్రాఫర్లలో చాలామంది లెక్క ఇలాగే ఉంటుంది. బీరువాలో ఆరు లక్షల సామాను, బ్యాంకులో నలభై వేలు. మీ ఖాతాలో 38 వేలే ఉన్నాయని మీరే రాశారు.

మీ నెల లెక్క వేద్దాం. ఇంటి ఖర్చు 22 వేలు, పాత కెమెరా ఈఎంఐ 11,400, చిట్టీ 10 వేలు. రెండు లక్షల అప్పుకు మూడు రూపాయల వడ్డీ అంటే ఇంకో 6 వేలు. క్రెడిట్ కార్డు మీద ఉన్న 85 వేలకు వడ్డీ దాదాపు 3 వేలు. మొత్తం 52,400. మీ సగటు ఆదాయం నెలకు 47,500. తక్కువ పడ్డ దాదాపు ఐదు వేలు ఎక్కడి నుంచి వస్తోంది? మళ్లీ ఆ కార్డు మీది నుంచే. దాని మీద ఇంకో రెండు ఈఎంఐలు ఎక్కించాలని అడుగుతున్నారు.

మీ డ్రోన్ సోమశిల బ్యాక్‌వాటర్‌లో పడిపోయిందని, కొత్తది కొనడానికే ఆ మూడు రూపాయల అప్పు తెచ్చానని రాశారు. అప్పు తెచ్చి ఇరవై నెలలైంది. వడ్డీకే 1.2 లక్షలు పోయింది. అసలు రెండు లక్షలు అలాగే ఉంది. మీ నాన్నగారు వేయించిన బోర్ల అప్పు మీరే తీర్చారని కూడా ఒక ముక్క రాశారు. మన జిల్లాల్లో ఆ కథ చెప్పక్కర్లేదు. మొదటి బోరు ఎండిపోతే దాని అప్పు తీర్చడానికి రెండోది, రెండో దాంట్లో నీళ్లు పడకపోతే మూడోది. ఈ 5.5 లక్షల కెమెరా మీ మూడో బోరు. కోపం తెచ్చుకోకండి, ఆ అప్పు తీర్చిన మీకే ఈ మాట త్వరగా అర్థమవుతుంది.

అసలు లోటు మీ మణికట్టు విరిగినప్పుడే బయటపడింది. భువనగిరి గుట్ట మీద కాలు జారి ఏడు వారాలు కెమెరా పట్టుకోలేదు. కట్టు కట్టించడానికి పెద్దగా కాలేదు. ఆ ఏడు వారాల ఇంటి ఖర్చు, ఈఎంఐ, చిట్టీ, వడ్డీ అన్నీ కార్డు మీదికి ఎక్కి 85 వేలు అయింది. చేతిలో మూడు నెలల ఖర్చు ఉండి ఉంటే ఆ బాకీ పుట్టేదే కాదు.

నెల జీతగాడికి ఆరు నెలల ఖర్చు దాచుకోమంటాను. మీకు తొమ్మిది నెలలు కావాలి. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, మూఢం వస్తే అసలే ఉండవు. జూలై నుంచి సెప్టెంబర్ దాకా నల్లమలలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో సఫారీ మూసేస్తారు. ఏ దెబ్బా తగలకపోయినా ఏడాదిలో మూడు నెలలు మీ ఇల్లు దాచుకున్న డబ్బుతోనే నడవాలి. ఇంటి ఖర్చు, కెమెరా ఈఎంఐ కలిపి 33,400. తొమ్మిది నెలలకు మూడు లక్షలు. అది విడిగా ఒక ఖాతాలో ఎఫ్‌డీగా ఉండాలి. చిట్టీ ఉంది కదా అంటారేమో. చిట్టీ ఎమర్జెన్సీ ఫండ్ కాదండీ. కాలు విరిగిన వారమే పాట మీకు దక్కుతుందని ఎవరూ హామీ ఇవ్వరు.

13 నెలలు కట్టేశారు కాబట్టి ఈ చిట్టీ పాట పాడి ఎత్తుకోండి. 1.8 లక్షలు చేతికొస్తే ముందు కార్డు 85 వేలు మూసేయండి. మూడు రూపాయల వడ్డీ ఆయన్ని తిడుతున్నారు గానీ, కార్డు వాళ్లు మీ దగ్గర మూడున్నర తీసుకుంటున్నారు! మిగిలిన 95 వేలు ఆయన అసల్లో కట్టండి. వాడకుండా బీరువాలో పెట్టిన పాత కెమెరా బాడీ అమ్మి, ఆ డబ్బూ అక్కడే వేయండి. అప్పుడు నెల నెట్టుకొస్తుంది. ఏడు నెలల్లో చిట్టీ కట్టుబడి కూడా అయిపోతుంది కదా, ఆ పది వేలు నేరుగా ఎఫ్‌డీకి వెళ్లాలి. బంగారం ఇంట్లోనే ఉండనివ్వండి.

ఇక ఇన్సూరెన్స్. ఇంటిల్లిపాదికీ కలిపి ఉన్న మీ ఐదు లక్షల ఆరోగ్య బీమా (ఫ్యామిలీ ఫ్లోటర్) కాగితాల్లో మినహాయింపుల పేజీ తెరవండి. సాహస క్రీడల్లో ప్రొఫెషనల్‌గా పాల్గొనడం వల్ల అయ్యే చికిత్స ఖర్చు ఇవ్వబోమని ఉంటుంది. రాక్ క్లైంబింగ్, పర్వతారోహణ, రాఫ్టింగ్ పేర్లతో సహా. మీరు ఎక్కేవారు కాదు, తీసేవారు. కానీ డబ్బు తీసుకుని తాడుకు వేలాడుతూ తీసే మనిషికి ఆ వాక్యం వర్తిస్తుందా అన్నది ఆసుపత్రి బిల్లు చేతికి వచ్చాక తేలకూడదు. మీ పని ఏమిటో ఉన్నదున్నట్టు రాసి కంపెనీకి మెయిల్ పెట్టండి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. పని చేయలేని వారాలకు డబ్బిచ్చే పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకునేటప్పుడూ ఇదే ప్రశ్న వేయండి. ప్రపోజల్ ఫారంలో వృత్తి దగ్గర ‘వ్యాపారం’ అని రాసేసి ఊరుకోవద్దు.

మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బు వచ్చే టర్మ్ పాలసీ 75 లక్షలకు తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది, అదీ చేయించండి. 250 గ్రాములు దాటిన డ్రోన్‌కు థర్డ్ పార్టీ బీమా, అంటే ఇతరులకు జరిగే నష్టానికి బీమా, తప్పనిసరి. అయితే మీ డ్రోన్ నీళ్లలో పడితే అది పైసా ఇవ్వదు, దానికి వేరే కవర్ అడగాలి. సిప్ మాట మూడు లక్షలు జమయ్యాక.

బెంగళూరు వాళ్లది ఇప్పటికి నోటి మాటే. అడ్వాన్స్ ఊసే మీ ఉత్తరంలో లేదు. ఆ కెమెరా హైదరాబాద్‌లో రోజు కిరాయికి దొరుకుతుంది. కిరాయి కలిపి కొటేషన్ పంపి, ముప్పై శాతం ముందే అడగండి. ఇస్తే ఆ డబ్బుతోనే కిరాయి కట్టి మొదటి ఎపిసోడ్ తీయండి. ఇవ్వం అన్నారంటే, వాళ్ల సిరీస్‌కు పెట్టుబడి మీ ఆవిడ మెడలోంచి రావాలని వాళ్లు ఆశపడుతున్నట్టు.