సమాధానం: ట్యాబ్ నొక్కుతుంటే పాత్ర చచ్చిపోతోంది

చెన్నైలో తాంబరం నుంచి బీచ్ వెళ్లే లోకల్ రైల్లో డంజన్ క్రాల్ స్టోన్ సూప్ అనే నేలమాళిగ సాహసాల కంప్యూటర్ ఆటను ఇంటర్నెట్‌లో ఆడుతున్నానని, దగ్గరి శత్రువుపై దాడి చేయించే ట్యాబ్ మీట నొక్కుతూ పోతే ప్రాణం సగానికి పడిపోయినా పోరు ఆగడం లేదని రాశారు. ఇంటర్నెట్ నత్తనడక నడిచేటప్పుడు నొక్కిన మీటలన్నీ వరుసకట్టి ఒక్కసారిగా ఆటకు చేరతాయి. మిమ్మల్ని కాపాడాల్సింది ఆటోఫైట్_స్టాప్, అంటే ఆరోగ్యం ఎంత శాతానికి తగ్గితే ట్యాబ్ దాడి ఆగాలో చెప్పే అమరిక. మీరు ఎవరి దగ్గరో తెచ్చుకున్న ఆర్‌సీ ఫైలులో (ఆట అమరికలు రాసుకునే ఫైలు) దాన్ని 0 చేసి ఉంచారు, అంటే ఆ కాపలా లేనట్టే.

50 అని మార్చండి. ఆరోగ్యం సగానికి తగ్గాక ట్యాబ్ ఎన్నిసార్లు నొక్కినా దాడి జరగదు, హెచ్చరిక మాత్రమే వస్తుంది. బలహీనమైన మంత్రగాడితో ఆడితే 60 అయినా నేను తప్పుపట్టను. అదే పేరుతో కింద మరో వరుస ఉందేమో వెతకండి, చివరిదే చెల్లుతుంది.

రెండోది, ఫోర్స్_మోర్_మెసేజ్, అంటే ఏ సందేశాలు వస్తే ఆట ఆగాలో చెప్పే జాబితా. దాని పక్కన += పెట్టి సిగ్మండ్ అనే ప్రమాదకరమైన శత్రువు పేరు చేర్చండి. పెద్ద కొడవలితో అతను ఎదురుపడగానే ఆట ఆగి, మీరు స్పేస్ నొక్కేదాకా ఎదురుచూస్తుంది. ఉత్త = పెడితే మాత్రం ముందున్న జాబితా మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది, జాగ్రత్త. అలాగని కనిపించిన ప్రతి ఎలుకకూ ఆపకండి, విసుగుతో చూడకుండానే స్పేస్ నొక్కేయడం అలవాటవుతుంది.

ఫైలులో పేర్లన్నీ ఇంగ్లిషు అక్షరాలలోనే ఉండాలి. లాబీలో (ఆటను ఎంచుకునే వెబ్ పేజీ) ఆట పేరు పక్కనున్న లింకులో ఫైలును మార్చి, నడుస్తున్న ఆటను సేవ్ చేసి మళ్లీ తెరవండి.